ఎవరి పాపం?

మాదిగ పుట్టుకే పూర్వజన్మ పాపమంది ఊరు. 1853లో మొదలైన ఆర్కాటు మిషన్ చిత్తూరు పల్లెలకొచ్చి, అందరూ పాపులే అంది. ఆ 'అందరూ' అన్న మాటకే మా తాత తలెత్తినాడు.

సిలువ రక్తం ఎవరికోసం అన్నదగ్గర మాత్రం మిషన్లది తలో దారి. ఆర్కాటువాళ్ళ డచ్ రిఫార్మ్డ్ శాఖకు 1619 డార్ట్ తీర్మానాలు ప్రమాణం: దేవుడు ముందే ఏర్పరచుకున్నవాళ్ళకే రక్షణ. 1860ల్లో జర్మనీ నుంచి వచ్చి తిరుపతి వైపు పనిచేసిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు, క్రీస్తు అందరికోసమూ చనిపోయాడు, నమ్మితే చాలన్నారు.

రెండు చర్చిల్లోనూ మోకరించింది ఎక్కువగా మాల మాదిగలమే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చుకుంది, మమ్మల్ని కాదు. సర్టిఫికెట్లో బి.సి. 'సి' అయినా, ఊరికి మేమింకా మాదిగలమే.

ఆదివారమాదివారం మా పాపాలు ఒప్పుకుంటానే ఉండాం. అంటరానితనమనే తన పాపాన్ని ఊరెప్పుడు ఒప్పుకుంటుంది?