దోషి కాదని ఎవరు రుజువు చెయ్యాలి?

టెస్ట్ ఫెయిలైతే మన ఫీల్డులో అందరం ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: బగ్ కోడ్‌లో ఉందా, టెస్ట్‌లోనే ఉందా? టెస్ట్ రాసినవాడూ మనిషే కదా! కానీ డోపింగ్ టెస్ట్‌లో ఒక క్రీడాకారిణి ఫెయిలైందని వార్త రాగానే ఆ రెండో ప్రశ్న మనకి తట్టదు. "దొరికిపోయింది" అనేసి పేజీ తిప్పేస్తాం. నేనూ అంతే, డయాన్ మోడాల్ కథ తెలిసేదాకా.

ఈమె బ్రిటన్‌కి చెందిన 800 మీటర్ల రన్నర్. 1990లో ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 1994 ఆగస్టులో ఆ పతకం నిలబెట్టుకుందామని కెనడాలోని విక్టోరియాకి వెళ్ళింది. తీరా అక్కడికి వెళ్ళాక, పరిగెత్తకముందే పిడుగులాంటి వార్త. జూన్ 18న లిస్బన్‌లో ఒక మీట్‌లో ఆమె ఇచ్చిన మూత్రం శాంపిల్‌లో టెస్టోస్టెరాన్ విపరీతంగా ఉందట! మామూలుగా టెస్టోస్టెరాన్‌కీ ఎపిటెస్టోస్టెరాన్‌కీ నిష్పత్తి 1:1కి అటూ ఇటూ ఉంటుంది. అప్పటి రూల్ ప్రకారం 6:1 దాటితే తప్పు. ఈమెది 42:1. వెంటనే ఇంటికి పంపించేశారు. డిసెంబర్లో బ్రిటిష్ అథ్లెటిక్ ఫెడరేషన్ నాలుగేళ్ళు నిషేధించింది.

కోర్టులో అయితే నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషే. రుజువు చెయ్యాల్సిన బాధ్యత ఆరోపించినవాడిది. ఆటల్లో స్ట్రిక్ట్ లయబిలిటీ అని వేరే పద్ధతి. అంటే, నీ ఒంట్లో నిషిద్ధ పదార్థం దొరికిందా, అది ఎలా వచ్చినా బాధ్యత నీదే. ఆ దొరకడమే రుజువు. ఇక నిర్దోషినని చూపించుకోవాల్సిన పని నీదే అన్నమాట.

మోడాల్ ఆ పనే చేసింది. లిస్బన్ ఎండాకాలంలో ఆ శాంపిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టకుండా వదిలేశారని తేలింది. అలా పాడైన మూత్రంలో బాక్టీరియా పెరిగి, టెస్టోస్టెరాన్ దానంతటదే పెరగొచ్చని నిపుణులు ప్రయోగం చేసి చూపించారు. 1995 జులైలో అప్పీలు విన్న ప్యానెల్, ఆమె తప్పు చేసిందని నిస్సందేహంగా చెప్పలేమని నిషేధం ఎత్తేసింది. 1996 మార్చిలో అంతర్జాతీయ సమాఖ్య కూడా కేసు వదిలేసింది.

అంతా సుఖాంతం అనుకుంటున్నారా? లేదు. ఆమె నష్టపరిహారం కోసం ఫెడరేషన్ మీద దావా వేసింది. 1997లో ఆ ఫెడరేషన్ దివాలా తీసింది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళి, తిరిగి కింది కోర్టుకొచ్చి, చివరికి 2001లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. పరుగు మాత్రం మానలేదు, 1998లో కౌలాలంపూర్‌లో కాంస్యం గెలిచింది. మధ్యలో పోయిన ఏళ్ళని ఎవరు తిరిగిస్తారు?

ఇప్పుడు నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. మారియన్ జోన్స్ సిడ్నీ 2000లో అయిదు పతకాలు గెలిచింది. ఏళ్ళ తరబడి నేను ఏ పాపమూ ఎరగనంది. 2007లో కోర్టులో ఒప్పుకుంది, పతకాలు పోయాయి, దర్యాప్తు అధికారులకి అబద్ధం చెప్పినందుకు 2008లో జైలుకి కూడా వెళ్ళింది. కాబట్టి "నేను చెయ్యలేదు" అన్న మాటని నమ్మి వదిలెయ్యమని నేననడం లేదు. కోర్టుల్లోలాగా ప్రతిదీ అనుమానానికి తావులేకుండా నిరూపించాలంటే డోపింగ్ చేసినవాళ్ళలో సగంమంది తప్పించుకుంటారేమో, నిజాయితీగా ఆడేవాళ్ళకి అన్యాయం జరుగుతుంది. స్ట్రిక్ట్ లయబిలిటీ అందుకే పుట్టింది.

ఇక్కడే ఒక తిరకాసుంది. 1999లో ఏర్పడిన వాడా కోడ్ ప్రకారం ల్యాబ్ పద్ధతి ప్రకారమే పనిచేసిందని ముందే అనుకుంటారు. కాదని, ఆ పొరపాటు వల్లే ఫలితం ఇలా వచ్చుండొచ్చని అథ్లెట్ చూపించగలిగితేనే బరువు రెండోవైపుకి మారుతుంది. అంటే ఆటగాడు నిర్దోషి అన్న ఊహ లేదు గానీ, ల్యాబ్ నిర్దోషి అన్న ఊహ మాత్రం ఉంది! ఫ్రిజ్‌లో పెట్టారా లేదా అన్న సంగతి తెలిసేది ల్యాబ్‌కి, కనిపెట్టాల్సింది అథ్లెట్. మోడాల్ చివరిదాకా పోరాడగలిగింది. ప్రయోగాలు చేయించుకునే తాహతు లేని కుర్రాడి సంగతేంటి?

నా మటుకు నాకు స్ట్రిక్ట్ లయబిలిటీ ఉండాల్సిందే. కాకపోతే అది రెండువైపులా ఉండాలి. ఆటగాడు ఒంట్లోకి వెళ్ళిన ప్రతి చుక్కకీ లెక్క చెప్పాలంటున్నప్పుడు, ఆ సీసా ప్రయాణించిన ప్రతి గంటకీ ల్యాబ్ అడక్కుండానే లెక్క చెప్పాలి. ఆ లెక్క తేలేదాకా, కనీసం మనమైనా "దొరికిపోయింది" అనకుండా ఆగొచ్చు కదా?