భూసంరక్షణ పనుల్లో మహిళా రైతులకు సమాన స్థానం: నిజామాబాద్, బోధన్ ప్రాంత రైతులకు సూచనలు

మీ పొలంలో చౌడు ఏ మూల మొదలైందో ఇంట్లో అందరికంటే ముందు ఎవరు చూశారు? చాలా ఇళ్లలో నాటు వేసి, కలుపు తీసిన ఆడవాళ్లే చూసి ఉంటారు. కానీ మట్టి నమూనా తీసే రోజు వాళ్లు అక్కడ ఉండరు. పరీక్ష ఫలితం వచ్చాక ఏం చేయాలో మాట్లాడుకునేటప్పుడు కూడా ఉండరు. నేల బాగుచేసే పనులు మన దగ్గర ఒక సీజన్‌తో ఆగిపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నా సర్వీసులో ఆలస్యంగా తెలుసుకున్నాను. వీలైతే భార్యాభర్తలిద్దరూ కలిసి ఈ వ్యాసం చదవండి.

చెరకు తగ్గింది, ఆడవాళ్ల పని పెరిగింది

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటి అండతో బోధన్‌లో 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 2015 డిసెంబరులో అది మూతపడ్డాక చాలామంది చెరకు వదిలి వరికి మారారు. ఫ్యాక్టరీలో పోయిన ఉద్యోగాల గురించి అందరం మాట్లాడుకున్నాం. పొలంలో ఏం మారిందో అంతగా గమనించలేదు. చెరకు ఒకసారి నాటితే కార్శితో కలిపి రెండు మూడేళ్లు నిలుస్తుంది. వరి అయితే వానాకాలం, యాసంగి కలిపి ఏడాదికి రెండు నాట్లు, రెండు కలుపులు. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడింది. నేల సంగతి చూస్తే, మురుగు పోయే దారి లేని మడుల్లో ఏడాది పొడవునా నీళ్లు నిలిస్తే చౌడు పెరుగుతుంది. కోత మిషన్ పోయాక మిగిలిన గడ్డికి నిప్పు పెడుతున్నాం. టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. తగలబెడితే ఆ నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది.

చెరకు చెత్త: నా పొరపాటు

కొన్నేళ్ల కిందట బోధన్ వైపు ఒక ఊళ్లో చెరకు చెత్త తగలబెట్టవద్దని శిక్షణ పెట్టాను. పంచాయతీ ఆఫీసులో, పగలు పదకొండు గంటలకు. నలభై మంది వచ్చారు, అందరూ మగవాళ్లే. ఎకరాకు టన్నుంపావు చెత్త సాళ్ల మధ్య పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, మొదటి దశలో పీకపురుగు కూడా తగ్గుతుంది అని చెప్పాను. అందరూ సరేనన్నారు. నెల తర్వాత వెళ్లి చూస్తే చెత్త గట్ల మీద కుప్పలుగా ఉంది. రెండు చోట్ల తగలబెట్టేశారు కూడా.

తోటలో పని చేస్తున్న ఆడవాళ్లను అడిగాను. వారిలో పెద్దామె చెప్పింది: "మీరు చెప్పి పోతరు సారూ. ఆకు అంచుకు చేతులు కోసుకునేది మేము. కింద పాముంటే తొక్కేది మేము." శిక్షణలో ఈ రెండు మాటలూ ఎవరూ అనలేదు, ఎందుకంటే వచ్చినవాళ్లలో ఎవరూ వంగి ఆ పని చేసేవాళ్లు కారు.

తర్వాత ఆ ఊళ్లోనే, సాయంత్రం పూట, వాళ్లతోనే కూర్చుని పద్ధతి మార్చాం. అన్ని సాళ్లలో కాకుండా సాలు విడిచి సాలులో చెత్త పరిచారు. నడవడానికి, కలుపు తీయడానికి ఒక సాలు ఖాళీగా ఉంటుంది కాబట్టి కాలు పెట్టే చోటు కనిపిస్తుంది. చేతి తొడుగులు, పొడవు పిడి ఉన్న దంతె రైతే కొనివ్వాలని ఒప్పందం. కార్శి తోటలో మోళ్లు నేలమట్టానికి చెక్కాక, పిలకలు వచ్చే చోట చెత్త పడకుండా సాళ్ల మధ్యకు లాగాలి. ఈ తేడా చేసే మనిషికి తెలియాలి, యజమానికి తెలిస్తే సరిపోదు. మీరు కూలీలతో చేయించినా ఇంతే. చెత్త పరిచే పనికి అదనంగా సమయం పడుతుంది, దానికి అదనపు కూలి కట్టండి. ఖర్చు లేకుండా నేల బాగుపడుతుందని ఎవరైనా చెబితే ఆ ఖర్చు ఎవరి ఒంటి మీద పడుతోందో చూడండి.

మట్టి నమూనా ఇద్దరూ కలిసి తీయండి

ఎకరంలో ఎనిమిది, పది చోట్ల ఇంగ్లిషు 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, అంచు వెంట మట్టి తీసుకుని, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుతూ అర కిలోకు తగ్గించండి. చెరకుకైతే 30 సెంటీమీటర్ల దాకా తీయాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలు వేసిన చోట తీయవద్దు. ఇదంతా చాలామందికి తెలిసినదే. తెలియనిది, నమూనాలు ఎన్ని తీయాలన్నది. ఏ మడిలో నారు ఎర్రబడింది, ఎక్కడ తెల్లటి పొర కాళ్లకు అంటుతోంది, ఎక్కడ నల్లటి నీళ్లు నిలిచి ఇంకడం లేదు, ఇవి నాటు వేసేవాళ్లను అడిగి ఆ భాగాల మట్టి వేరుగా తీయండి. తెల్లటి పొర తరచుగా పాలచౌడుకు గుర్తు. దానికి మంచి నీరు పెట్టి, మురుగు తీసేస్తే చాలావరకు పోతుంది. నల్లగా, గట్టిగా ఉండేది కారుచౌడు కావచ్చు. దానికి జిప్సం కావాలి, ఎంత కావాలో పరీక్షే చెప్పాలి. రెండూ కలిపి ఒకే సంచిలో వేస్తే ఫలితం దేనికీ పనికిరాదు. రుద్రూరులోని కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను ముందుగా అడిగి వెళ్లండి.

పసుపు వేసేవాళ్లకు ఒక మాట. దుంపకుళ్లుకు రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తేమ చల్లుతూ వారం పది రోజులు నీడలో ఉంచి ఎకరానికి వేయాలి. సంఘం మహిళలు కలిసి దీన్ని తయారుచేసి పక్క రైతులకు అమ్ముకోవచ్చు.

పాస్ పుస్తకం ఎవరి పేరున ఉంది?

మన ఫారాల్లో 'రైతు పేరు' గడిలో భర్త పేరు, 'నామినీ' గడిలో భార్య పేరు రాయడం అలవాటైపోయింది. దాని ఫలితం చూడండి. రైతు భరోసా పట్టాదారు ఖాతాలో పడుతుంది. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే వర్తిస్తుంది, మరణిస్తే నామినీకి అయిదు లక్షలు ఇస్తారు. భర్త పేరున భూమి ఉండి, పొలంలో పాము కరిచి భార్య చనిపోతే, ఇరవై ఏళ్లు ఆ పొలం చేసినా ఆమెకు రైతు బీమా లేదు. రాయితీ విత్తనాలు, పంట రుణం కూడా ఎక్కువగా పాస్ పుస్తకం చుట్టూనే తిరుగుతాయి.

భర్త చనిపోయిన అక్కలు ఫౌతి ఆలస్యం చేయవద్దు. పిల్లలు పెద్దయ్యాక చూద్దామని మామ, బావ అన్నా సరే, తహసీల్దారు కార్యాలయంలో విరాసత్‌కు దరఖాస్తు పెట్టండి. ప్రస్తుతం ఇది 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూ భారతి కింద జరుగుతుంది. హిందూ వారసత్వ చట్టంలో భార్య, పిల్లలు, అత్త మొదటి తరగతి వారసులు. ఉమ్మడి ఆస్తిలో పెళ్లయిన కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉందని 2005 సవరణ చెప్పింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను ఇది కదిలించదు. ముస్లిం కుటుంబాలకు వారి వ్యక్తిగత చట్టం వర్తిస్తుంది, అందులోనూ భార్యకు, కూతురికి వాటా ఉంది. భర్త ఉండగానే ఒక ఎకరమైనా భార్య పేరున రిజిస్టర్ చేయించాలనుకుంటే స్టాంపు ఖర్చు ఉంటుంది, ముందే కనుక్కోండి. ఆ ఖర్చు దండగని నేననుకోను. పాస్ పుస్తకం చేతిలో ఉన్న ఆడమనిషి మా సమావేశానికి పిలవకుండానే వస్తుంది.

జహీరాబాద్ నుంచి ఏం తీసుకోవచ్చు

మనకు దగ్గరలోనే, జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలున్నాయి. ఎక్కువగా దళిత మహిళలు. పడావు భూములు సాగులోకి తెచ్చి, చిరుధాన్యాల విత్తనాలు తామే దాచుకున్నారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వారిది వర్షాధార సాగు, మన కాలువ కింద వరికి ఆ పంటల పద్ధతి అలాగే అతకదు. తీసుకోవాల్సింది వేరే ఉంది. ఏ విత్తనం వేయాలి, ఏది దాచాలి అన్న నిర్ణయం అక్కడ ఆడవాళ్లది.

మీ ఊళ్లో వాటర్‌షెడ్ కమిటీ ఉంటే సభ్యుల పేర్లు ఒకసారి చదవండి. ఆడవాళ్ల పేర్లుండి సంతకాలు భర్తలు పెడుతుంటే గ్రామసభలో అడగండి. సమావేశాలు నాట్ల రోజుల్లో పగలు పెట్టవద్దని మా వాళ్లకు మీరే చెప్పండి, సాయంత్రం ఆరున్నర తర్వాత పెట్టమనండి, పిల్లల్ని తెచ్చుకోవచ్చని చాటింపులో చెప్పించండి. వానాకాలం నాట్లకు ముందు జీలుగ వేయాలనుకునేవాళ్లు ఎకరాకు 10 నుంచి 12 కిలోల విత్తనం లెక్కన మే నెలలోనే పేరు రాయించుకోవాలి. పూతకు వచ్చేసరికి, అంటే 45 నుంచి 50 రోజులకు దున్నేయాలి. నారు ఎప్పుడు పోయాలో ఆ లెక్క ప్రకారమే ఇంట్లో ఇద్దరూ కలిసి తేదీ ఖాయం చేసుకోండి.