భీమడోలు దగ్గర ఒక స్విచ్చి, మూడు నెట్‌వర్కులు

భీమడోలులో బస్సు దిగి కొల్లేరు వైపు ఆటో ఎక్కారు. కాసేపటికి రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ఏరేటర్లు నీళ్లు ఎగజిమ్ముతున్నాయి, మేత బస్తాల వాసన ఆటోలోకి వచ్చేస్తోంది. మీరు దిగిన డాబా ఇంటికి కరెంటు స్తంభం మీంచి నల్లటి ఫైబర్ తీగ వచ్చి, వరండా కిటికీలోంచి లోపలికి పోయింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగ మీద ఇస్తామన్న పథకం అది.

హాల్లో టీవీ కింది అల్మరా తెరిచి ఉంది. దాని ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో చదివే కుర్రాడు. ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన ఎనిమిది పోర్టుల మేనేజ్డ్ స్విచ్చి.

"చెరువు కాడ కెమెరాలు పెట్టాం బానే ఉంది. బయటోడెవడైనా వాటిలో దూరితే నా లెక్కల కంప్యూటర్ దాకా వచ్చేస్తాడా?" అంటున్నాడు ఆ కుర్రాడి బాబాయి.

"ఇప్పుడైతే వచ్చేస్తాడు బాబాయ్. అన్నీ ఒకే నెట్‌వర్కు మీదున్నాయి కదా."

ఈ భయం ఉత్తది కాదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చని కెమెరాలనూ డీవీఆర్‌లనూ వెతికి పట్టుకుంది. ఆ అక్టోబరు 21న వాటన్నిటితో సైట్ల పేర్లకి అడ్రసులు చెప్పే డైన్ అనే సంస్థ మీద దాడి చేయిస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఇక్కడి కెమెరాల పాస్‌వర్డులు పొద్దున్నే మార్చేశారు. అయినా కెమెరాల్ని ఇంటి నెట్‌వర్కు నుంచి విడదీస్తేనే నాకు మనసు కుదుటపడుతుంది.

"ఒక చెరువులో తెగులొస్తే ఆ నీళ్లు పక్క చెరువులోకి పోనియ్యం. అదేగా నువ్వు చేసేది?"

"అదే బాబాయ్. గట్టు స్విచ్చిలో, తూము రౌటర్లో."

స్క్రీన్ మీదికి వంగి చూడండి. కుర్రాడు మూడు వీల్యాన్‌లు తయారు చేశాడు, అంటే ఒకే స్విచ్చిలో మూడు విడివిడి నెట్‌వర్కులు: ఇంటికి 10, చెరువుకి 20, వచ్చిపోయేవాళ్లకి 30. ఈ అంకెలు మన ఇష్టం. 802.1క్యూ ప్రమాణం ప్రకారం ట్యాగుతో పోయే ప్రతి ఫ్రేములో నాలుగు బైట్ల ట్యాగు చేరుతుంది, అందులో 12 బిట్లు వీల్యాన్ నంబరుకి. అంటే 1 నుంచి 4094 దాకా ఏదైనా పెట్టుకోవచ్చు.

ఒకటో పోర్టు వీల్యాన్‌లు తెలిసిన రౌటర్‌కి పోతుంది, అందులో మూడూ ట్యాగుతో. వైఫై పెట్టె ఉన్న నాలుగో పోర్టులో 10, 30 ట్యాగుతో. లెక్కల కంప్యూటర్ రెండో పోర్టులో, 10 ట్యాగు లేకుండా. చెరువు నుంచి గాలిలో వచ్చే వైర్‌లెస్ లింకుకి ఐదో పోర్టు, కెమెరాల రికార్డరుకి ఆరు. వాటికి 20, అదీ ట్యాగు లేకుండానే. కెమెరాకి ట్యాగు సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ల్యాప్‌టాప్ తీగ ఐదో పోర్టులో పెట్టి చూశాడు. ఐపీ అడ్రసు 169.254తో మొదలైంది. అంటే రౌటర్ నుంచి జవాబు రాలేదు, మిషనే ఏదో ఒక అడ్రసు పెట్టేసుకుంది. కుర్రాడు కంగారు పడలేదు. పీవీఐడీ అన్న ఇంకో పేజీ తెరిచాడు. ఐదు, ఆరు పోర్టుల ఎదురుగా ఇంకా 1 అనే ఉంది. పోర్టు ఏ వీల్యాన్‌లో సభ్యుడో చెప్పడం ఒక పని. ట్యాగు లేకుండా లోపలికొచ్చిన ఫ్రేముని ఏ వీల్యాన్‌లో వెయ్యాలో చెప్పడం వేరే పని, దానికే పీవీఐడీ. తక్కువ ధర స్విచ్చిల్లో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి. కొత్తవాళ్లు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. రెండు పోర్టులకీ 20 కొట్టి, తీగ పీకి మళ్లీ పెట్టాడు.

192.168.20.14. బాబాయి కళ్లజోడు సవరించుకుని ఆ అంకెలు పైకి చదివాడు.

ఇక తూము. ఈ పని మర్చిపోతే చాలా రౌటర్లు వీల్యాన్‌ల మధ్య దారి తామే తెరిచేస్తాయి, పడ్డ కష్టమంతా వృథా. రౌటర్ ఫైర్‌వాల్‌లో రూల్సు రాస్తున్నాడు. ఇంటి నుంచి చెరువుని చూడొచ్చు. చెరువు వైపు నుంచి ఇంట్లోకి ఏదీ తనంతట తాను రాకూడదు. కెమెరాలకి ఇంటర్నెట్ బంద్. బాబాయి ఏలూరు వెళ్లినప్పుడు ఫోన్లో చూసుకోవాలి కాబట్టి రికార్డరుని మాత్రం బయటికి పోనిచ్చాడు. ఐదో పోర్టు నుంచి లెక్కల కంప్యూటర్‌కి పింగ్ కొడితే జవాబు లేదు. రెండో పోర్టు నుంచి రికార్డరుకి కొడితే వరసగా జవాబులు.

"సేవ్ చేశావా?" ఇప్పుడడగాల్సిన ప్రశ్న ఇదే, అడిగింది లోపల్నుంచి పిన్ని. చాలా స్విచ్చిల్లో సేవ్ బటన్ వేరుగా నొక్కకపోతే కరెంటు పోయిరాగానే చేసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఆ మాట అడిగినావిడ నాకు ఇంజినీరు కింద లెక్క. కుర్రాడు సేవ్ నొక్కి, ప్లగ్గు పీకి, పది దాకా లెక్కపెట్టి మళ్లీ పెట్టాడు. లైట్లు వెలిగాయి, పింగులు మళ్లీ వచ్చాయి. ఏ పోర్టు దేనికో కాగితం మీద రాసి అల్మరా తలుపు లోపల అంటించాడు.

గుమ్మం దగ్గర మేత కంపెనీ అతను చెప్పులు విడుస్తున్నాడు. "కొంచెం వైఫై పాస్‌వర్డు చెప్తారాండీ?"

బాబాయి కాగితం వంక చూసి, ముప్పైదే చెప్పాడు.