మిరప వచ్చినది, వంట రాలేదు

మాఘ ఫాల్గుణ మాసములందు గుంటూరు మిర్చియార్డులో అడుగుపెట్టినవారికి ముందుగా ఎదురగునది దగ్గు, ఆ వెనుక తుమ్ము. కన్నులు తుడుచుకొని చూచినచో టిక్కీలపై టిక్కీలు, గుట్టలపై గుట్టలు. తేజ, సన్నము, బాడిగ అని తెగలు వేరుపరచి, వన్నె తప్పిన తాలుకాయలను ప్రక్కకు పోసి, వర్తకులు బేరము లాడుచుందురు. ఈ కాయ మనది కాదు, పరదేశపుది అని అచ్చట ఎవరైన ననినచో హమాలీలు కూడ నవ్వుదురు. కొరివికారము, గొడ్డుకారము, ఊరమిరప లేని గుంటూరు భోజన మెట్టిదో ఊహించుట కష్టము.

అయినను మాట నిజమే. ప్రకాశము జిల్లానుండి పలనాటివరకు పరచుకొన్న నల్లరేగడిలో ప్రక్కప్రక్కన నిలుచు రెండు పైరులు, మిరపయు పత్తియు, మెక్సికో దేశపు చుట్టములే. పత్తి మన దేశమున వేలయేండ్లుగా నున్నదే కాని, నేడు మన రైతు విత్తు పత్తిలో అధికభాగము ఆ పాతపత్తి కాదు. హిర్సూటమను జాతి, మెక్సికో ప్రజలు మచ్చిక చేసినది. చేనిగట్టున నాటిన కిత్తనార, పుంతవెంట ముండ్లు చాచిన నాగజెముడు, పెరటిలోని జామ, సీతాఫలము, మన మొకప్పుడు రామములగ యని పిలిచిన టొమేటో, మొక్కజొన్న, గుమ్మడి, వేరుసెనగ, ఇవన్నియు అమెరికా ఖండమునుండి వచ్చినవే. ఇన్ని వచ్చినవి; వీనిని అచ్చటివా రెట్లు వండుదురో ఆ విద్యమాత్రము రాలేదు. ఓడలు విత్తనమును తెచ్చినవి గాని వంటింటిని తేలేదు. ఆ రాకపోవుటవలన మిరపవిషయమున మనకు కలిగిన నష్టము కొంచెమే. మొక్కజొన్నవిషయమున లోకమునకు కలిగిన నష్టము కొంచెము కాదు.

పదునైదవ శతాబ్ది మొదటిపాదమున కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారిగా నుండిన శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని ఈసడించెనని చాటువులు చెప్పుచున్నవి. ఆ మహాకవి విస్తరిలో మిరపకాయ లేదు. ఉండుటకు వీలులేదు. కొలంబసు పడమటి సముద్రమును దాటినది 1492లో. మన పూర్వులకు కారమనగా మిరియము, పిప్పలి, అల్లము, ఆవాలు. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటిని పట్టుకొన్ననాటికి కోర్టెజు మెక్సికోతీరమున అడుగైన పెట్టలేదు. ఆతడు దిగినది 1519లో, అజటెకుల రాజధాని కూలినది 1521లో.

పోర్చుగీసువారు 1498లో కాలికట్టునకు, 1510లో గోవాకు వచ్చిరి. వారి ఓడలతో మిరప పశ్చిమతీరమున దిగి, ఎవరి ఆజ్ఞయు లేకయే లోపలికి నడచెను. మిరియపుతీగకు మలబారుతేమయు, ప్రాకుటకు చెట్టును కావలెను. మిరపకు పెరటిలో జానెడు చోటు చాలును. కొనవలసిన కారమునకు బదులు పండించుకొనదగిన కారము దొరకినపు డెవరు కాదందురు? మిరియమువలె నోరు మండించుటచేత ప్రజలు దానికి మిరియపుపేరునే కొంచెము మార్చి తగిలించిరి. మిరపకాయ అను మాటలో మిరియము దాగియున్నది. పేరుతోపాటు ఉద్యోగమును అదే ఇచ్చిరి: కూరకు మంట తెచ్చుట. ఇచ్చటనే రెండు వంటయిండ్ల త్రోవలు చీలినవి.

మెక్సికోలో మిరప మంటకొరకు మాత్రమే కాదు. అచ్చట నది కూర, అదియే పులుసు, అదియే పులుసునకు చిక్కదనము. సహగూన్ అను ఫ్రాన్సిస్కను సన్యాసి ఆ దేశపు పెద్దలను కూర్చుండబెట్టి, వారి నహువాతల్ భాషలోనే విషయములు వ్రాయించి, 1577 నాటికి ఒక బృహద్గ్రంథమును ముగించెను. జయించినవారు జితుల వంటయింటి నింత శ్రద్ధగా వ్రాసికొనుట చరిత్రలో అరుదు. ప్రభువుల భోజనములలో నాతడు పేర్కొన్న వంటకమొకటి ఎఱ్ఱమిరప, రామములగ, నూరిన గుమ్మడిగింజలు చేర్చిన పులుసులో టర్కీకోడిమాంసము. దీనికి వాడినవన్నియు నేడు గుంటూరు బజారున దొరకును, ఆ కోడి తప్ప. పులుసునకు వారి మాట ‘మోల్లి’. నేటి మెక్సికోవారి ‘మోలె’ దానినుండి వచ్చినదే. వారి ‘చిల్లి’యే ఇంగ్లీషువారి చిల్లీ, వారి ‘తొమాతలే’ టొమేటో.

వారి పనిముట్లు చూచినచో మనకు పుట్టింటి సామగ్రి చూచినట్లుండును. మెత్తగా నూరుటకు ‘మెతలతల్’ అను ఱాయి, మన సన్నెకల్లునకు తోబుట్టువు. రొట్టె కాల్చుటకు ‘కొమల్లి’ అను మట్టిపెనము. గింజలు ఉడుకుటకు పొట్టకుండ. మఱియు నొక సామ్యము. అజటెకులు ఉపవాసదినములందు ఉప్పును మిరపను విడిచెడివారు. మనవారి చప్పిడిభోజనము జ్ఞప్తికి వచ్చును. 1541 ప్రాంతమున చిత్రింపబడిన మెండోజా గ్రంథమున, చెప్పినమాట వినని పదునొకండేండ్ల బాలుని తండ్రి మిరపపొగపై పట్టుకొన్న బొమ్మయొకటి కలదు. మనము మిరపకాయలు తిప్పి నిప్పులో వేసి బిడ్డకు దిష్టి తీయుదుము. ఒకే పొగ, అచ్చట శిక్ష, ఇచ్చట రక్ష.

మోలెవంటి పులుసు తొందరలో కాదు. ఎండుమిరపకాయను చీల్చి, గింజలు తీసి, పెనముపై వెచ్చచేసి, నీట నానవేసి, నూరి, నూనెలో వేచి, సన్ననిసెగపై గంటలకొలది ఉడికింతురు. పుయెబ్లానగరపు సన్యాసినులు పదునేడవ శతాబ్దిలో ఈ వంటకమును కనిపెట్టిరను కథ కలదు. కథ అందముగ నున్నది గాని, పులుసు అంతకంటె మిక్కిలి పాతదని సహగూన్ గ్రంథమే చెప్పుచున్నది. సన్యాసినులనాటికి చేరినవి దాల్చినచెక్క, లవంగము, నువ్వులు. 1565 మొదలు 1815 వరకు మనీలానుండి అకపుల్కోకు నడచిన స్పెయినువారి ఓడలు ఆసియాసరుకులను అచ్చట దింపినవి. చింతపండును నేడు మెక్సికోవారు తమదే యనుకొందురు, మనము మిరపను మనదే యనుకొన్నట్లు.

మనకు సన్ననిసెగ తెలియదా? తెలియకేమి. పెరటిమూల దాలి త్రవ్వి, పిడకలు పేర్చి, పాలకుండ నెక్కించి, ఉదయమునుండి సాయంకాలమువరకు కదలనీయని యిల్లాండ్రు ఈ మైదానమున నుండిరి. ఆ పాలు ఎఱ్ఱబడి, పైన రొట్టెమందమున మీగడ కట్టెడిది. ఎడ్లకు ఉలవలుడికించిన కట్టును వంచి, చింతపులుసు, ఉల్లి, మిరప చేర్చి, మందముగా ఇగురునట్లు గంటలతరబడి కాచినది ఉలవచారు. ఎడ్ల దాణానుండి పుట్టిన చారు నేడు పెండ్లివిందులలో మీగడతో వడ్డింపబడుచున్నది. మెక్సికోరైతు చిక్కుడుగింజలను పొట్టకుండలో నుడికించి ఆ కట్టునే జుర్రుకొనును. మెక్సికోలో గోతిలో ఱాళ్లు కాల్చి, కిత్తనారజాతి మట్టలలో మాంసమును చుట్టి, మన్ను కప్పి, రాత్రియంతయు మగ్గనిచ్చు వాడుకయు కలదు. దాలికిని ఆ గోతికిని దూరమెంత?

దాలులు పూడిపోయినవి. వానికొరకు కన్నీరు కార్చువారు, ఆ పొగలో స్త్రీలు కార్చిన కన్నీటిని లెక్కలో వేసికొనవలెను. పిడకలపొగ ఊపిరితిత్తులకు శత్రువని వైద్యులందఱు చెప్పుదురు. పోగొట్టుకొనవలసినది పొగ, పోగొట్టుకొనరానిది నిదానము. అమెరికాలో 1971లో విద్యుత్తుతో నడచు కుండయొకటి క్రాక్‌పాట్ అను పేర బజారునకు వచ్చెను. ఉదయమున సామగ్రి వేసి పనికి పోయినచో సాయంకాలమునకు వంట సిద్ధము. పొగలేని దాలి యనవచ్చును. అది లేనివారికి మందపు అడుగుగల గిన్నెయు, గ్యాసుపొయ్యిపై మిక్కిలి చిన్న మంటయు చాలును.

ఇక మొక్కజొన్నమాట. మెక్సికోప్రజలు దానిని ఊరక దంచి వండరు. సున్నపునీటిలో నుడికించి, రాత్రియంతయు నానబెట్టి, కడిగి, పిదప నూరుదురు. ఈ పద్ధతి మూడువేల యేండ్లకు పైబడినది. విత్తనము ఐరోపాకు పోయెను, సున్నము పోలేదు. 1735లో స్పెయినులో గాస్పర్ కసాల్ అను వైద్యుడు, మొక్కజొన్నయే ఆధారముగా బ్రదుకు బీదల మెడలపైని చేతులపైని చర్మము కమిలిపోవు రోగమును వర్ణించెను. ఇటలీలో దానికి పెలాగ్రా యని పేరు వచ్చినది. చర్మము చెడును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. ఇరువదవ శతాబ్దిలో అమెరికా దక్షిణరాష్ట్రములందు అది వేలమందిని బలిగొనెను. అంటురోగమని తలచినవారికి, కాదు తిండిలోపమని, 1914 మొదలు గోల్డ్‌బెర్గర్ అను వైద్యుడు నిరూపించుచు వచ్చెను. లోపించినది నియాసిన్ అను విటమినని 1937లో తేలినది. మొక్కజొన్నలో నది కలదు, కాని బంధింపబడియున్నది. సున్నము ఆ బంధమును విప్పును. రసాయనశాస్త్రమెఱుగని మెక్సికోయిల్లాలు కుండలో చిటికెడు సున్నము వేసి తన బిడ్డలను కాపాడుకొనెను.

ఈ రోగము మనకు పరాయిది కాదు. తెలంగాణమున జొన్నలు తిను బీదలలో పెలాగ్రా కనబడుటను గోపాలన్, శ్రీకాంతయ్యగార్లు పరిశీలించి, జొన్నలో ల్యూసిన్ అధికముగ నుండుటయే కారణము కావచ్చునని 1960లో ప్రకటించిరి. పరిశోధనకు స్థానము హైదరాబాదునకు 1958లో తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము. గుంటూరుజిల్లాలో వరి కోసిన మాగాణులందు నేడు మొక్కజొన్న విరివిగా పండుచున్నది. అందు మిక్కిలి భాగము కోళ్లమేతకు పోవుచున్నది. దానిని మనమే తినదలచినపుడు మెక్సికోనుండి నేర్వవలసినది మొదట సున్నము, తరువాతనే మసాలా.

మన యింట నీ వంట చేయదలచినవారికి కొన్ని మాటలు. గుంటూరు సన్నమును మోలెలో పోయకుడు. స్కోవిల్ అను నాతడు 1912లో ఏర్పరచిన కొలతలో మన సన్నము 35,000 నుండి 40,000 వరకు తూగును. మోలెకు వాడు ‘ఆంచో’ మిరప 1,000, 2,000 నడుమ నుండును. పిడికెడు ఆంచోకు బదులు పిడికెడు సన్నము వేసినవాడు భోజనమునకు కాక వైద్యునికొరకు కూర్చుండవలసివచ్చును. మనకు దగ్గరిది వరంగల్లు చపాటమిరప. గుండ్రముగా, దట్టపు ఎఱుపుతో, మంట కొద్దిగా నుండును. అది దొరకనిచో బాడిగ. కాయ చీల్చి, గింజలతోపాటు లోని తెల్లనిపొరను తీసివేయవలెను. మంట ముఖ్యముగా ఆ పొరలోనే యున్నది. పెనముపై మాడనీయరాదు, మాడినచో చేదు. అరగంట వేడినీట నానవేసి, కాల్చిన రామములగ, ఉల్లి, వెల్లుల్లి, వేచిన నువ్వులు, వేరుసెనగలతో రోటిలో నూరి, ఆ ముద్దను నూనెలో రంగు మారువరకు వేచి, కోడిమాంసమును నీళ్లును చేర్చి, రెండుగంటలు సన్ననిసెగపై నుంచవలెను. మరునాటికి రుచి హెచ్చును.

మాంసము తిననివారికి గింజలున్నవి. రాజ్మా యని అమ్ము ఎఱ్ఱగింజలను రాత్రి నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీట కనీసము 10 నిమిషములు తెర్లనిచ్చిన పిదపనే సన్ననిసెగకు దింపవలెను. ఆ గింజలో విషపదార్థమొకటి కలదు. సలసల కాగిననే గాని అది చావదు. విద్యుత్తుకుండలో పచ్చిగింజలను నేరుగా పోసినవారికి వాంతులు, విరేచనములు తప్పలేదు. చింతపండును రామములగను గింజ మెత్తబడినతరువాతనే చేర్చవలెను. పులుపు ముందుగా తగిలినచో గింజ యుడుకదు.

రొట్టెకు: ఒక కిలో ఎండు మొక్కజొన్నగింజలకు తాంబూలమునకు వాడు శుద్ధమైన పొడిసున్నము 10 గ్రాములు, నీరు మూడులీటర్లు. గోడలకు వేయు సున్నము పనికిరాదు, అల్యూమినియపు గిన్నెయు పనికిరాదు. ముప్పావుగంట సన్నగా కాచి, దింపి, మూతపెట్టి రాత్రి విడువవలెను. ఉదయమునకు నీరు పసుపుపచ్చబడి, గింజతోలు వ్రేలితో నులిమిన జారును. రెండుమూడుసార్లు కడిగి, తడిగానే మెత్తగా నూరి, ముద్ద చేసి, పలుచగా తట్టి, పెనముపై రెండువైపుల కాల్చవలెను. జొన్నరొట్టె తట్టిన చేతికి ఈ పని క్రొత్తగా నుండదు.