మతానుభవ వాదం

దైవాన్ని అనుభవించామన్నవారి సాక్ష్యం దేవుడిపై నమ్మకానికి చాలిన ఆధారమనే తాత్త్విక వాదం. ఆ అనుభవం పొందినవారికే ప్రమాణమని, ఇతరులు దానికి కట్టుబడనక్కరలేదని తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో తేల్చాడు. మరో తత్త్వవేత్త రిచర్డ్ స్విన్‌బర్న్ 1979లో మరింత ముందుకు వెళ్ళాడు: సందేహించడానికి ప్రత్యేక కారణం లేనంతవరకు, కనిపించినది ఉన్నట్టే భావించాలన్నాడు. కంటిచూపును మనం నమ్మేదీ అలాగే. మెదడులో కారణం చూపినంత మాత్రాన అనుభవం అబద్ధమైపోదు. ఎదుట ఉన్న చెట్టును చూసినప్పుడూ మెదడే పనిచేస్తుంది. అసలైన చిక్కు అనుభవాల వైరుధ్యంలో ఉంది. స్పెయిన్‌కు చెందిన అవిలా తెరెసా క్రీస్తు దర్శనాలను వర్ణించింది. 1896లో మదురైలో రమణ మహర్షిని మరణభయం ఆత్మానుభవానికి నడిపించింది. ఇద్దరి నిజాయితీనీ శంకించలేం, కానీ వారి అనుభవాలు ఒకదానితో ఒకటి పొసగవు. తత్త్వవేత్త విలియం ఆల్‌స్టన్ 1991లో ఈ వైరుధ్యం నమ్మకాన్ని బలహీనపరుస్తుందని, అయినా పూర్తిగా రద్దు చేయదని వాదించాడు.