పడవ చేద్దామంటే చెట్టే లేదు

మా నాయన నాటి ఎడ్లబండి చక్రం బాగు చేయిద్దామని మొన్న మూడు ఊళ్లు తిరిగాను. వడ్రంగి దొరికాడు గానీ చక్రానికి పనికొచ్చే ముదురు తుమ్మ దొరకలేదు. అప్పుడు హవాయి వాళ్ల పడవ కథ గుర్తొచ్చింది.

హవాయి పసిఫిక్ సముద్రం నడుమ దీవులు, ఇప్పుడు అమెరికాలో ఒక రాష్ట్రం. వాళ్ల పూర్వీకులు జంట పడవలకు తెరచాప కట్టి, చుక్కలే గుర్తుగా వేల మైళ్లు తిరిగారు. తర్వాత తరాలకు ఆ విద్య పోయింది. 1975లో మళ్లీ హోకులేయా అనే జంట పడవ కట్టారు. అది కూడా ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్‌తోనే. నడపడానికి మనిషి లేక మైక్రోనేషియాలోని సతవల్ దీవి నుంచి మావ్ పియాయిలుగ్‌ను పిలిపించుకున్నారు. 1976లో ఆయన దిక్సూచి లేకుండా ఆ పడవను తాహితి చేర్చాడు. తన దీవి కుర్రాళ్లకే ఈ విద్య మీద ధ్యాస తగ్గుతోందని ఆయన బెంగ. అందుకే బయటివాళ్లకైనా నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న హవాయి కుర్రాడు నైనోవా థాంప్సన్ 1980లో తనే దారి చూపి పడవను తాహితికి తీసుకెళ్లాడు.

ఇక అసలు మానుతోనే పడవ చెక్కాలనుకున్నారు. దానికి కోవా చెట్టు కావాలి. మనం తినే కోవా కాదండోయ్, మన తుమ్మకు చుట్టమయ్యే చెట్టు. నెలల తరబడి అడవులు గాలించినా అంత లావు, పుచ్చులేని మాను ఒక్కటీ దొరకలేదు. కలపకని కొట్టేశారు, పశువుల్ని తోలి మేపేశారు. లేత కోవా మొక్క కనపడితే పశువు వదలదు, ఆ సంగతి మనకు ఒకరు చెప్పాలా!

సంగతి తెలిసి అలాస్కా ఆదివాసులు సుమారు 400 ఏళ్ల స్ప్రూస్ మానులు రెండు ఊరికే ఇస్తామన్నారు. నైనోవా వెళ్లి చూశాడు. నరకమనడానికి నోరు రాలేదు. మన అడవి మనం పాడు చేసుకుని వాళ్ల చెట్టు కొట్టడమేంటని వెనక్కొచ్చేశాడు. ముందు బడిపిల్లలు, పెద్దలు కలిసి వేల కోవా మొక్కలు నాటారు. ఆ తర్వాతే మానులు తెచ్చుకున్నారు. నాకు ఈ కథలో పడవ కంటే ఈ వరసే నచ్చింది.

హవాయిలోవా అని పేరు పెట్టిన ఆ పడవ 1993లో నీళ్లలో దిగింది. 1995లో దాన్ని అలాస్కా దాకా తీసుకెళ్లి మానులిచ్చిన వాళ్లకు చూపించి దండం పెట్టి వచ్చారు. అప్పటి కోవా మొక్కలకు ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. పెద్ద పడవకు అందిరావాలంటే ఇంకా రెండు మూడు తరాలు పడుతుంది.

మా గట్టు మీద నాలుగు తుమ్మ మొలకలున్నాయి. ఈసారి కొట్టకుండా వదిలేశాను.