స్లాబు పెచ్చులూడితే పైపూత చాలదు: మేస్త్రీని పిలిచే ముందు తెలుసుకోవాల్సినవి

"అక్కా, ఫొటో చూసి నేనేమీ చెప్పలేను."

మా పిన్ని కొడుకు ఈ మాట అన్నప్పుడు నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. తమ్ముడు స్ట్రక్చరల్ ఇంజినీరుగా ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. కాకినాడలో మా నాన్నగారి పడకగది స్లాబు నుంచి అరచేయంత పెచ్చు ఊడి మంచం పక్కనే పడింది. లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. "సిమెంటు పూసేస్తే సరిపోతుందమ్మా, ఒక్కరోజు పని" అన్నాడు మేస్త్రీ. ఇక్కడ న్యూజెర్సీలో నేను డబ్బు పంపడానికి సిద్ధంగా ఉన్నాను. తమ్ముడు 'సరే' అంటే చాలు.

వాడు అనలేదు. "ముందు పెదనాన్న మంచం వేరే గదిలోకి మార్చండి. రిపేరు సంగతి మా సీనియర్‌ని అడిగి చెప్తాను" అన్నాడు. ఇంత చదివి ఈమాత్రం తెలియదా అనుకున్నాను. తెలియనప్పుడు అడగడమే వాడు చేసిన సరైన పని అని తర్వాత అర్థమైంది. అప్పుడు నేర్చుకున్న విషయాలు మనలాంటి కుటుంబాలకు పనికొస్తాయని రాస్తున్నాను. నేను ఇంజినీరును కాదు, కెమిస్ట్రీ చదివిన గృహిణిని. మీ ఇంటి సంగతి మాత్రం ఇంజినీరు చూసి చెప్పాల్సిందే.

పెచ్చు ఎందుకు ఊడుతుంది?

మంచి కాంక్రీటు పీహెచ్ 12.5 నుంచి 13 దాకా ఉంటుంది. అంత క్షారగుణంలో ఇనుము మీద సన్నని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి చేరితే పీహెచ్ 9 దగ్గరకు పడిపోయి ఆ పొర నిలవదు. దీన్నే కార్బొనేషన్ అంటారు. సముద్రపు గాలి, ఉప్పు ఇసుక, ఉప్పు నీళ్ల నుంచి వచ్చే క్లోరైడ్లయితే పీహెచ్ బాగున్నా ఆ పొరను ఛేదిస్తాయి.

తుప్పు అసలు ఇనుము కంటే 2 నుంచి 6 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి ఊడుతుంది. తుప్పు తీయకుండా పైన సిమెంటు పూస్తే పగులు కనబడదు కానీ లోపల పని ఆగదు.

చువ్వకు, బయటి ఉపరితలానికి మధ్య ఉండే కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు. ఐఎస్ 456:2000 ప్రకారం పరిసరాలను బట్టి ఇది కనీసం 20, 30, 45, 50, 75 మిల్లీమీటర్లు. కోస్తా గాలికి నేరుగా తగిలే కాంక్రీటు 45 వరుసలోకి వస్తుంది. మా స్లాబులో తమ్ముడు కొలిస్తే 12 మాత్రమే ఉంది.

సీనియర్ వాడితో చేయించిన పరీక్షలు

ఒకటి, గది మొత్తం చిన్న సుత్తితో తట్టడం. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. ఊడింది అరచేయంత, డొల్లగా ఉన్నది గదిలో మూడో వంతు.

రెండు, అప్పుడే పగలగొట్టిన ముక్కపై ఫినాఫ్తలీన్ చల్లడం. గులాబీ రంగు వస్తే క్షారగుణం ఉన్నట్టు, రంగు రాకపోతే కార్బొనేషన్ అక్కడిదాకా వచ్చినట్టు. కాలేజీ ల్యాబులో టైట్రేషన్‌కు వాడిన చుక్కలే ఇవి! క్లోరైడ్లను మాత్రం ఇది చెప్పలేదు, వాటికి కాంక్రీటు పొడిని ల్యాబుకు పంపాలి.

మూడు, తుప్పు గీకేసి చువ్వను కొలవడం. 10 మిల్లీమీటర్ల చువ్వ 8కి తగ్గితే పోయింది 20 శాతం కాదు. బలం అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పోయింది 36 శాతం. మా స్లాబులో మూడుచోట్ల ఇలాగే ఉంది.

రీబౌండ్ హ్యామర్ అంకెను ఒక్కదాన్నే నమ్మవద్దని కూడా సీనియర్ చెప్పారట. కార్బొనేషన్ వల్ల పైపొర గట్టిపడి అంకె అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది. అనుమానం ఉంటే కోర్ తీసి పరీక్షించాలి.

రిపేరు వరుస

ముందు కింద సపోర్టులు పెట్టి, పైన బరువు తగ్గించాలి. నిండిన 1000 లీటర్ల ట్యాంకు నీళ్లే ఒక టన్ను. తర్వాత నీరు ఎక్కడి నుంచి దిగుతోందో చూసి ఆపాలి. మాకు మేడమీద వాన గొట్టం దగ్గర కారుతోంది.

డొల్ల కాంక్రీటును చువ్వ వెనక కూడా సుమారు 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఖాళీ వచ్చేలా చెక్కాలి. చువ్వలు మెరిసేదాకా శుభ్రం చేయాలి. సన్నబడ్డ చోట ఇంజినీరు చెప్పిన పొడవున కొత్త చువ్వ కలిపి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తోగానీ మైక్రో కాంక్రీటుతోగానీ నింపాలి. తర్వాత మంచినీళ్లతో తడపాలి.

క్లోరైడ్లు ఉన్నచోట ఊడినంత మేరకే అతుకు వేస్తే, కొన్నేళ్లకు అతుకు అంచు పక్కనే కొత్తగా తుప్పు మొదలవుతుంది. "పోయినసారి బాగుచేయించాంగా" అని మన ఇళ్లల్లో అనుకునేది ఇందుకే. ఎంతమేర చెక్కాలన్నది పరీక్షలు చెప్పాలి, కంటికి కనిపించింది కాదు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో ఇక్కడ ఉన్న మనకు తెలుసు. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో ఛాంప్లైన్ టవర్స్ సౌత్ కొంతభాగం కూలి 98 మంది చనిపోయారు. ఆ భవనంలో కాంక్రీటు దెబ్బతిందని 2018లోనే ఒక ఇంజినీరు నివేదిక ఇచ్చారు. కూలేనాటికి ఆ కాంక్రీటు మరమ్మతులు మొదలే కాలేదు.

దూరంగా ఉన్న మనం చేయగలిగింది

- ఫొటోలో పక్కన స్కేలు పెట్టించండి. ఇల్లు కట్టిన ఏడాది, పాత ప్లాను, పైన వేసిన గదులు, ట్యాంకుల వివరాలు ఇంజినీరుకు ఇవ్వండి.
- పగులు పెరుగుతోందా అని అనుమానముంటే దానికి అడ్డంగా సన్నటి గాజుముక్క అతికించి తేదీ రాయించండి. గాజు పగిలితే కదలిక ఉన్నట్టే. బీము చివర్లలో పిల్లరు దగ్గర ఏటవాలు పగులు కనిపిస్తే మాత్రం ఆగవద్దు, వెంటనే ఇంజినీరును పిలిపించండి.
- తనిఖీకి ఫీజు ఇవ్వండి, నివేదిక రాతపూర్వకంగా తీసుకోండి. బంధువుల అబ్బాయని ఉచితంగా వాట్సాప్‌లో తేల్చమనకండి.
- చెక్కిన తర్వాత, చువ్వలు శుభ్రం చేశాక, నింపే ముందు ఇలా ప్రతి దశలో ఫొటోలు అడగండి. ప్లాస్టరింగ్ అయ్యాక ఎవరూ చూడలేరు.

మా ఇంట్లో ఒక్కరోజు పని మూడు వారాలైంది. ఖర్చూ పెరిగింది. నాన్నగారు మళ్లీ తన గదిలోనే పడుకుంటున్నారు. ఆరోజు ఎందుకు విసుక్కున్నానో తమ్ముడికి ఫోన్ చేసి చెప్పి, సారీ కూడా చెప్పాను. "నాకూ భయమేసింది అక్కా, అందుకే అడిగాను" అన్నాడు. ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్కసారి తలెత్తి మీ ఇంటి స్లాబు కూడా చూసి రండి.